చెరువులో మెరుపు సంగతి

ఒరేయ్ సూరిబాబూ,

ఉప్పుటేరు పక్క రొయ్యల చెరువు రాత్రిళ్ళు నీలంగా వెలుగుతోంది, ఏం మందు కొట్టమంటావని రాశావు. మందు తర్వాత, ముందు మెరుపేదో తేల్చుకో. లైట్లన్నీ ఆర్పి, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక గాజు సీసాలో సగందాకా నీళ్ళు పట్టు. కదిపినప్పుడే తళుక్కుమని ఆరిపోతే అది నాక్టిల్యూకా లాంటి ప్లవకం, నీళ్ళలో తేలే సూక్ష్మజీవి. కదపకపోయినా నిలకడగా వెలిగితే విబ్రియో హార్వేయి అనుకో, రొయ్యలకి రోగం తెచ్చే బాక్టీరియా. దాని వెలుగుకి ఆక్సిజన్ కావాలి కనక, మూత పెట్టి ఉంచితే మందగిస్తుంది, తీసి కుదిపితే మళ్ళీ పుంజుకుంటుంది.

ఒక్క బాక్టీరియా కణం వెలిగితే ఎవడికి కనపడుతుందిరా? శక్తి దండగ. అందుకే అవి ముందు తలలు లెక్కపెట్టుకుంటాయి. ప్రతి కణమూ చిన్న రసాయన అణువుల్ని బయటికి వదులుతూనే ఉంటుంది. గుంపు పలచగా ఉంటే అవి నీళ్ళలో కలిసిపోతాయి. చిక్కబడితే పోగుపడి కణం పొరలోని గ్రాహకాలకి తగులుకుంటాయి. అప్పటిదాకా తొక్కిపెట్టిన లక్స్‌ఆర్ ప్రోటీను తయారై, వెలుగు జన్యువుల్ని తెరుస్తుంది. దీన్నే 1994 నుంచి కోరం సెన్సింగ్ అంటున్నారు.

హార్వేయికి ఇలాంటి సంకేతాలు మూడు. ఒకటి దాదాపు సొంత జాతికే, ఇంకోటి విబ్రియో బంధువర్గానికి. మూడోది ఏఐ-2, చాలా రకాల బాక్టీరియా తయారుచేస్తాయి. హార్వేయి పట్టుకునే ఏఐ-2లో బోరాన్ ఉంటుందని 2002లో తేలింది. సముద్రపు నీళ్ళలో బోరానుకి కొదవేముంది!

మీ డీలరు బాసిల్లస్ ప్రోబయోటిక్ (మేలుచేసే బాక్టీరియా పొడి) వేస్తే వాటి మాటలు ఆగిపోతాయంటాడు చూడు, అది మూడోవంతు నిజం. కొన్ని బాసిల్లస్ రకాలు వదిలే లాక్టొనేజ్ ఎంజైము మొదటి సంకేతాన్నే తుంచుతుంది, ఏఐ-2 జోలికి పోదు. పైగా వెలుగు ఆరితే రోగం పోయినట్టు కాదు. రొయ్య కణాల్లోకి విషం ఎక్కించే టైప్-3 యంత్రం హార్వేయిలో గుంపు పలచగా ఉన్నప్పుడే నడుస్తుంది, చిక్కబడితే ఆగుతుంది. అసలు వెలగని విబ్రియోలూ రొయ్యల్ని చంపుతాయి.

క్లోరిన్ కుమ్మరించావో, అన్నీ చస్తాయి. మిగిలిన మేత, మడ్డి మీద అందరికంటే ముందు తేరుకునేది మళ్ళీ విబ్రియోయే. అయోడిన్ కొట్టిన రోజే ప్రోబయోటిక్ వేస్తే అదీ చచ్చి డబ్బు నీళ్ళపాలు, రెండు మూడు రోజులు ఆగు. యాంటీబయాటిక్ ఊసెత్తకు, మందు ఆనవాళ్ళు దొరికి ఎగుమతి కంటైనర్ తిరిగొస్తే ఏడ్చేది నువ్వే. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగిలితే కోత పెట్టు, మధ్యలో చేరిన మడ్డి తోడించు, తెల్లవారుజామున నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆపకు.

ల్యాబులో విబ్రియోల్ని పెంచి లెక్కించే టీసీబీఎస్ ప్లేటు మీద 0.1 మి.లీ. చెరువు నీళ్ళు పరపించు. మర్నాడు వచ్చిన చుక్కల్ని (ఒక్కోటి ఒక బాక్టీరియా గుంపు) పదితో గుణిస్తే మి.లీ.కి లెక్క. కిక్కిరిసిపోయి లెక్కకి రాకపోతే పదింతలు పలచన చేయించు. పసుపు, ఆకుపచ్చ వేరువేరుగా రాయమను గానీ రంగు చూసి కంగారుపడకు, హార్వేయి రెండు రంగుల్లోనూ వస్తుంది. చెరువు నీళ్ళతోపాటు నాలుగు రొయ్యల లివరు కూడా పరీక్షకివ్వు, ఆ అంకెలు రాగానే నాకు రాయి.

నీ
రాంబాబు