మా అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకుని చూసిన ఆ పెద్దావిడకి

ఇంటికొచ్చి నాలుగు గంటలైంది. అమ్మ పడుకుంది. ఇది రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

తెలియనివాళ్ళకి ముందు మా చోటు గురించి చెప్పాలి. మేముండేది కెనడాలో, అంటారియో ఉత్తరాన, జేమ్స్ బే దగ్గర మూస్ నది మధ్య ఉన్న మూస్ ఫ్యాక్టరీ దీవిలో. నేనిక్కడ టీచర్ని. అవతలి ఒడ్డున మూసోనీ. దానికీ బయటి ఊళ్ళ నుంచి రోడ్డు లేదు, కోక్రేన్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు రైల్లో రావాలి. అక్కడి నుంచి మా దీవికి చలికాలంలో గడ్డకట్టిన నది మీదే కార్లు నడుస్తాయి, వేసవిలో పడవలు. మంచు విరిగే రోజుల్లో మాత్రం హెలికాప్టర్ తప్ప దారి లేదు.

అమ్మని కళ్ళ డాక్టరుకి చూపించడానికి టిమ్మిన్స్ తీసుకెళ్ళాను. వెళ్ళేటప్పుడు నది మీద కారులోనే దాటాం. వారం తిరక్కుండా ఎండలు, ఆ వెనకే వాన. తిరిగొచ్చి మూసోనీలో రైలు దిగేసరికి మంచు రోడ్డు మూసేశారు, పొగమంచుకి హెలికాప్టర్ ఎగరడం లేదు. మాది కోనసీమలో లంక ఊరు. "వరదకి పంటు ఆపేసినట్టే కదే" అంది అమ్మ. భయపడలేదు. టెన్షనంతా నాదే. గదులు ఖాళీ లేవు, చీకటి పడుతోంది, అమ్మకి షుగరు, ఇన్సులిన్ రెండు రోజులకే ఉంది.

స్టేషన్లో మనవడి కోసం వచ్చిన ఒక పెద్దావిడ మా దగ్గరికి వచ్చింది. నన్ను చూడలేదు, అమ్మ బూట్లు చూసింది. బురద మంచులో నాని నీళ్ళు కారుతున్నాయి. "షుగరా?" అంది. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు, సంచి అందుకుని నడిచింది. అక్కడ అందరూ ఆవిడని కూకుమ్ అంటారు. ఇక్కడి ఆదివాసుల క్రీ భాషలో అమ్మమ్మ అని.

ఇంటినిండా పిల్లలు. తన మంచం అమ్మకిచ్చి తను సోఫాలో పడుకుంది. రాత్రి ఎప్పుడో మెలకువ వచ్చి చూస్తే గదిలో లైటు ఉంది. కూకుమ్ నేల మీద కూర్చుని అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకుని, టార్చి వేసి ఒక్కో వేలి సందూ తుడుస్తోంది. ఎడమ మడమ మీద పొక్కు. తిమ్మిరి వల్ల అమ్మకి తెలియలేదు, పక్కనే ఉన్న నేను చూడలేదు. దాన్ని శుభ్రం చేసి గుడ్డ కట్టింది. చుట్టూ పగిలిన చర్మానికి బాతు కొవ్వు రాసి, పొయ్యి దగ్గర వెచ్చబెట్టిన ఉన్ని సాక్సులు తొడిగింది. తర్వాత తన కాలు చూపించింది. షుగరు వల్ల రెండు వేళ్ళు తీసేశారట. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. ఆ కాళ్ళు చూడాల్సింది నేను. బాత్రూంలోకి వెళ్ళి నీళ్ళు తిప్పి ఏడ్చాను.

మూడు రాత్రులున్నాం. డబ్బిస్తే మడతపెట్టి నా కోటు జేబులోనే పెట్టేసింది. మీగ్వెచ్, కూకుమ్. థాంక్స్ అని. అమ్మ కూడా ఆ మాట నేర్చుకుంది.

మా ఆయన, హైదరాబాద్‌లో మా తమ్ముడు ఫోన్ల మీదే ఉన్నారు. వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం అనాలి. పొగమంచుకి ఎవర్నీ తప్పుపట్టను. అది తేలిపోయాక కూడా మా వంతు ఎప్పుడో చెప్పే మనిషి లేడు. ఫోన్ చేస్తే రికార్డు గొంతు. నది ఉత్తరానికి పారుతుంది, ఎగువన దక్షిణంలో ముందు కరుగుతుంది, దిగువన మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది, దాంతో నీళ్ళు అడ్డుపడి పొంగుతాయి. ఏటా జరిగేదే ఇది. చిక్కుకుపోయిన ముసలివాళ్ళు కూర్చోడానికి ఒక వెచ్చని గది ఏర్పాటు చెయ్యలేరా? ఇంకా ఉత్తరాన, ఆల్బనీ నది ఒడ్డున కషెచెవాన్ అనే ఊరివాళ్ళు వరద భయంతో దాదాపు ప్రతి వసంతం ఊరు వదిలి విమానాలెక్కుతారు. ఊరిని ఎత్తైన చోటికి మారుస్తామని 2019లో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాతా ఎక్కుతూనే ఉన్నారు. మూడు రాత్రులకే నేను ఇలా అయిపోయాను, వాళ్ళెలా తట్టుకుంటున్నారో.

అయ్యో, అసలు మర్చిపోయాను, మూడోరోజు ఇన్సులిన్ పెన్ను ఇచ్చి, పొక్కుకి మళ్ళీ కట్టు కట్టిన నర్సమ్మకి చాలా చాలా థాంక్స్. నా క్లాసు చూసుకున్న తోటి టీచర్‌కి కూడా. హెలికాప్టర్ దగ్గర అమ్మని చేతుల మీద ఎక్కించిన అబ్బాయికి.

కూకుమ్, మీ సాక్సులు ఉతికి ఆరేశాను. పడవలు మొదలవగానే అమ్మా నేనూ తీసుకొస్తాం.

ఇంకా, రైల్లోంచి మా సామాను దింపిన కుర్రాళ్ళు ఇద్దరు. పేర్లు అడగలేదు, ఏమనుకోకండి బాబూ.