తొమ్మిది వారాలుగా మొర పెట్టుకుంటున్నా పలకని సంస్థకు

విజయవాడ,
18 ఫిబ్రవరి 2026.

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: ఆయిల్ ట్రే గురించి చేసిన ఫిర్యాదు, దాని కోసం మీవాళ్లు నన్ను తిప్పిన తీరు.

అయ్యా,

ఇంజను నుంచి కారే ఆయిల్ చుక్కలు పట్టడానికి కారు కింద పెట్టుకునే ఆయిల్ ట్రే ఒకటి డిసెంబరు మొదటి వారంలో మీ దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నాను. అది ఇంటికి చేరి వారం తిరగకుండానే దాని మూల అతుకు విడిపోయింది. ట్రే గురించి చెప్పవలసింది అంతే. దాని కొలతలు, రేకు మందం మీకే బాగా తెలుసు. ఒక వస్తువు పాడైందని ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాను. తొమ్మిది వారాలుగా నేను చెప్పింది మీలో ఒక్కరూ వినలేదు కాబట్టి రాస్తున్నాను.

అతుకు విడిపోయింది ధనుర్మాసం రెండో రోజున. తెల్లవారుజామునే మా ఆవిడ వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, నడుమ గొబ్బెమ్మ పెట్టింది. మా షెడ్డు గచ్చు వీధి వైపు వాలుగా ఉంటుంది. మధ్యాహ్నానికి ట్రేలో చేరిన ఆయిల్ అంతా వేలెడు వెడల్పున నల్లటి చారై ఆ వాలు వెంట పాకి, ముగ్గు గీతలను దాటి గొబ్బెమ్మ దగ్గర ఆగింది. రంపపు పొట్టు పోసి ఎత్తాం, సబ్బు నీళ్లతో రుద్దాం. ఆ చార ఇప్పటికీ గచ్చు మీద ఉంది.

ఆ సాయంత్రమే మీ సేవా కేంద్రానికి ఫోను చేశాను. తెలుగుకు మూడు నొక్కమంటే నొక్కాను. ఇరవై మూడు నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి తెలుగు రాని అమ్మాయిని కలిపారు. నాకు వచ్చిన హిందీలో చెప్పుకున్నాను. ఆమె నా మాట పూర్తి కాకముందే కారు ఏ కంపెనీది అని అడిగింది. అంబాసిడర్ అన్నాను. ఆ పేరు తమ జాబితాలో లేదని, అందువల్ల ఫిర్యాదు నమోదు కాదని చెప్పింది. ట్రే అమ్మినప్పుడు కారు పేరు అడగనివారికి, ఫిర్యాదు రాసుకోవడానికి మాత్రం కారు పేరు ఎందుకు కావలసి వచ్చింది?

మర్నాడు మరొకాయన ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చాడు. ఫొటోలు పంపమన్నాడు, ఆరు పంపాను. నాలుగు రోజుల తర్వాత మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని సందేశం వచ్చింది. ఏం పరిష్కారమైందో తెలుసుకుందామని మళ్లీ ఫోను చేస్తే, మూసేసిన ఫిర్యాదును తెరిచే అధికారం తనకు లేదని ఇంకొకాయన అన్నాడు. ఎవరికి ఉంది అని అడిగితే ఫోను పెట్టేశాడు.

మూడో వారంలో పైఅధికారినంటూ ఒకాయన మాట్లాడాడు. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. "సార్, ఆయిల్ కారడం మీ కారు లోపం. ముందు కారు బాగు చేయించుకోండి, ట్రే అవసరమే ఉండదు" అన్నాడు. అయ్యా, ఆ కారు మా నాన్నగారు 1976లో కొన్నది. ఆటోనగర్‌లో దాన్ని నలభై ఏళ్లుగా చూస్తున్న మేస్త్రీ ఉన్నాడు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లండు కారు నుంచి వచ్చిన ఆ 1489 సీసీ ఇంజనులో క్రాంకు, అంటే లోపల తిరిగే ఇరుసు, వెనుక చివర ఆయిల్ ఆపే రబ్బరు సీలు ఉండదు. మరలాంటి గాడి ఉంటుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆ గాడి ఆయిల్‌ను లోపలికి నెడుతుంది, ఆపాక మిగిలింది చుక్కలుగా దిగుతుంది. దాని తయారీయే అంత. బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014లో ఆ కార్ల తయారీ ఆగిపోయింది గానీ, ఉన్నవాటిని ప్రాణంలా చూసుకునే మాలాంటి వాళ్లం ఇంకా ఉన్నాం. ఆయిల్ చుక్కలు పట్టడానికే ట్రే చేసి అమ్మే సంస్థ, ఆయిల్ కారే కారు ఎందుకు ఉంచుకున్నారని కొన్నవాణ్ని నిలదీయవచ్చునా?

ఆ తర్వాత జరిగింది మరీ అన్యాయం. ట్రే వెనక్కి తీసుకుంటామని జనవరి 6న మనిషిని పంపారు. ఆ కుర్రాడు ట్రే మీద చీటీ అంటించి, వేలితో అంచు తాకి చూసి, ఆయిల్ అంటిన వస్తువు తీసుకోవద్దని తనకు ఆదేశం ఉందన్నాడు. పాపం, అతని తప్పేమీ లేదు, మంచినీళ్లు ఇచ్చి పంపాను. ఫోను చేస్తే శుభ్రం చేసి ఉంచమన్నారు. పెరట్లో పీట వేసుకుని కూర్చుని కిరోసిన్ గుడ్డతో మూలమూలలా తుడిచి, సర్ఫు నీళ్లతో కడిగి ఎండబెట్టాను. నాకు అరవై ఎనిమిదేళ్లు. మళ్లీ ఫొటోలు అడిగారు, పంపాను. వారం గడిచాక జవాబు వచ్చింది: ట్రేలో ఆయిల్ ఆనవాలు లేదు, కారినట్టు రుజువు లేదు, కాబట్టి ఫిర్యాదు చెల్లదు. ఆయిల్ ఉంటే తీసుకోరు, లేకపోతే నమ్మరు. నన్ను ఏం చేయమంటారు?

బందరు రోడ్డులో మీ బోర్డు ఉన్న దుకాణానికి ట్రేను ఆటోలో వేసుకుని వెళ్లాను. ఆన్‌లైన్‌లో కొన్నదానికీ తమకూ సంబంధం లేదన్నారు. రసీదు మీద మీ పేరు, దుకాణం బోర్డు మీద మీ పేరు. ముప్పై ఏళ్లుగా వైపర్లు, హారన్లు, సీటు కవర్లు అన్నీ అదే దుకాణంలో కొన్నాను. మా అల్లుడి కారుకూ అక్కడే కొనిపించాను. అప్పట్లో కౌంటరు దగ్గర కూర్చునే పెద్దాయన నన్ను చూడగానే కారు ఎలా ఉందని అడిగేవారు. ఇప్పుడు కూర్చున్న అబ్బాయి తల ఎత్తలేదు.

నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. అందులో ఆరేళ్లు ప్రయాణికుల ఫిర్యాదులు చూసే బల్ల నాదే. టీ చల్లగా ఉందని రాసినవారికి కూడా సంతకం పెట్టి జవాబు పంపేవాళ్లం. కొన్నిసార్లు మేం చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఆ మాటైనా రాసేవాళ్లం. రాసిన మనిషికి తన మాట ఎవరో చదివారని తెలియాలి. మీరు నాకు పంపిన తొమ్మిది సందేశాల్లో ఒక్కదాని కింద కూడా మనిషి పేరు లేదు.

ట్రే డబ్బు వెనక్కి ఇవ్వండి, లేదా మంచి ట్రే పంపండి, ఏదైనా సరే. కానీ దానితో ఈ వ్యవహారం ముగియదు. కారు బాగు చేయించుకోమన్న పెద్దమనిషి ఆ మాట వెనక్కి తీసుకోవాలి. పేరు, హోదా ఉన్న ఒక అధికారి నా ఉత్తరం చదివి, తెలుగులో, సంతకంతో జవాబు రాయాలి.

ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మీకు రెండు నెలలు దాటింది. మార్చి 5 లోపు జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. ఫోను చేసిన తేదీలు, మాట్లాడిన నిమిషాలు అన్నీ పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఎంతకాలం పట్టినా వదలను.

ట్రేను షెడ్డు గోడకు ఆనించి ఉంచాను. మీ కుర్రాడు అంటించిన చీటీ దాని మీద అలాగే ఉంది. తీసుకువెళ్లడానికి ఎవరినైనా పంపితే ముందు రోజు ఫోను చేసి పంపండి.

ఇట్లు,
మీ ముప్పై ఏళ్ల ఖాతాదారు,
సత్యనారాయణపురం, విజయవాడ.