నీ రీసెర్చ్ పేపర్ల లైబ్రరీ గురించి

చెన్నై

చిన్నతల్లికి,

అమ్మ ఆశీస్సులు. నాన్న, నేను బాగున్నాం. నిన్న ఫోన్లో నీ థీసిస్ కోసం చేసే లిటరేచర్ రివ్యూ, అదే ఇదివరకటి పరిశోధనల సమీక్ష, సంగతి చెబుతూ "చదివాను కానీ ఎక్కడ చదివానో దొరకట్లేదమ్మా" అన్నావు. ఆ మాట ఇంకా నా మనసులోనే ఉంది. ఇన్నేళ్లు లైబ్రరీలో పనిచేసిన దాన్ని, నా కూతురికి ఆ అవస్థ ఉండకూడదనిపించింది. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూశాను. ఒకే పేపర్ మూడుసార్లు ఉంది: ఒకటి పబ్లిషర్ ఇచ్చిన అంకెల పేరుతో, ఇంకొకటి "ఫైనల్" అని, మూడోది "సార్ చెప్పింది" అని. ఆ మూడో పేరు చూసి సంతోషించాను. ఆ పేపర్ నీ దగ్గరికి ఎందుకు వచ్చిందో అందులో ఉంది. మిగతా వాటికి లేనిది అదే.

మా లైబ్రరీలో కొత్త పుస్తకం వస్తే వచ్చిన పుస్తకాలన్నీ రాసే యాక్సెషన్ రిజిస్టర్లో ఎక్కి, నంబరు పడి, క్యాటలాగ్ కార్డు తయారయ్యేదాకా ర్యాకులోకి వెళ్లేది కాదు. ఎంత పెద్ద ప్రొఫెసర్ వచ్చి అడిగినా "రేపు రండి సార్" అనేవాళ్లం. చూసేవాళ్లకు చాదస్తమే. కానీ లెక్కలోకి రాకుండా ర్యాకులోకి వెళ్లిన పుస్తకం ఉన్నా లేనట్టే. నీ పేపర్ల పని కూడా వచ్చిన రోజే అయిపోవాలి. అన్నీ కలిపి ఆదివారం సర్దుకుంటానంటే ఆ ఆదివారం ఎప్పటికీ రాదు.

పేపర్లను, వాటి వివరాలను దాచి రిఫరెన్సు లిస్టు తయారుచేసే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకో. అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలోని చరిత్ర పరిశోధకులు 2006లో తెచ్చింది, ఉచితం. అలాంటిదే మెండలీ కూడా చాలామంది వాడతారు, అది 2013 నుంచి జర్నళ్లు అచ్చేసే ఎల్సెవియర్ కంపెనీ వాళ్లది. నాకు జొటెరో మీదే నమ్మకం. రేపు నువ్వు బెంగళూరులో ఆ ఇన్‌స్టిట్యూట్ వదిలి ఎక్కడికి వెళ్లినా నీ లైబ్రరీ నీ వెంట వస్తుంది. బ్రౌజర్లో దాని బటన్ నొక్కితే పేపర్, వివరాలు రెండూ లోపలికి వస్తాయి. పాత పీడీఎఫ్‌లకైతే ప్రతి పేపర్‌ని గుర్తుపట్టడానికి ఇచ్చే, 10తో మొదలయ్యే డీఓఐ నంబరు ఇస్తే చాలు.

అయితే లోపలికి వచ్చిన వివరాలన్నీ సరైనవని అనుకోకు. అసలు పేపర్ మొదటి పేజీ తెరిచి రచయితల పేర్లు, సంవత్సరం, సంపుటం, పేజీలు ఒక్కసారి పోల్చు. అర నిమిషం పని.

లేజర్ వెలుగు పదార్థం మీద పడి చెదిరే తీరు చూడటానికి నువ్వు రోజూ వాడే రామన్ స్పెక్ట్రోమీటర్ వెనక ఉన్న పేపర్లే చూడు. 1928లో "ఎ న్యూ రేడియేషన్" సి.వి. రామన్ గారు ఒక్కరే రాశారు. ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్, రెండో సంపుటం, 387వ పేజీ నుంచి. దాన్ని ఆయన మొదట ప్రసంగంగా చెప్పింది మీ బెంగళూరులోనే, ఆ ఏడాది మార్చి 16న. "ఎ న్యూ టైప్ ఆఫ్ సెకండరీ రేడియేషన్" కె.ఎస్. కృష్ణన్ గారితో కలిసి రాసింది. అది నేచర్, 121వ సంపుటం, 501వ పేజీ, మార్చి 31. ఏడాది ఒకటే, పేర్లూ దగ్గరదగ్గరే. చూసుకోకపోతే ఒకదాని పేరుకు ఇంకొకదాని పేజీ నంబరు తగులుకుంటుంది. ఆ తర్వాత రాసేవాళ్లు అసలు పేపర్ తెరవకుండా ఆ తప్పునే ఎత్తి రాసుకుంటారు. అలా కృష్ణన్ గారి పేరు ఎగిరిపోతే, పక్కన నిలబడి పనిచేసిన మనిషికి అన్యాయం జరిగినట్టు కాదా? రిఫరెన్సు లిస్టు అంటే ఎవరి కష్టం మీద మనం నిలబడ్డామో ఒప్పుకోవడం. దాన్ని చివరి రాత్రి హడావిడిగా చేసే పని అనుకోవద్దు.

రామన్ అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. నువ్వు థీసిస్‌ని లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాస్తావు కదా. అందులో రిఫరెన్సు లిస్టు వేసే బిబ్‌టెక్ స్టైళ్లు చాలావరకు వ్యాసం పేరులో మొదటి అక్షరం తప్ప మిగతా పెద్ద అక్షరాలన్నింటినీ చిన్నవి చేసేస్తాయి. రామన్ గారి పేరు చిన్న 'ఆర్'తో అచ్చవుతుంది. ఆ పేరు చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్లు పెడితే అలాగే నిలుస్తుంది. ఎగ్జామినర్ కన్ను ముందు ఇలాంటి వాటి మీదే పడుతుంది. ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో ప్రీప్రింట్‌గా, అంటే జర్నల్లో అచ్చవకముందే, తీసుకున్న పేపర్ తర్వాత జర్నల్లో వచ్చిందేమో కూడా చూసుకో. ఒక్కోసారి జర్నల్లో వచ్చేసరికి అంకెలు కూడా మారతాయి. ఇక చాట్‌బాట్‌ని అడిగి తెచ్చుకున్న రిఫరెన్సు ఏదైనా సరే, అసలు పేపర్ తెరిచి చూడకుండా లిస్టులో చేర్చవద్దు. లేని పేపర్లకు కూడా అవి రచయితల పేర్లు, పేజీలు కల్పించి ఇస్తాయి, చూడటానికి నిజమైన వాటిలాగే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. జొటెరోలో ప్రతి పేపర్ కింద నోట్ పెట్టుకోవచ్చు. పేపర్ చేర్చిన వెంటనే రెండు వాక్యాలు రాయి: ఎవరు చెబితే తెచ్చుకున్నావు, దేనికోసం. చదివాక ఇంకో రెండు మూడు. నీ నోట్‌బుక్‌లో ఒక పేజీ అంచున నువ్వే రాసుకున్నావు చూడు: "వీళ్లు 532 నానోమీటర్ల లేజర్‌తో తీశారు. మన శాంపిల్‌కి ఫ్లోరసెన్స్ ఎక్కువ. 785తో ఎవరైనా చేశారా? టేబుల్ 2 మళ్లీ చూడాలి." ఎంత మంచి నోటో! ఏం చేశారు, నీ పనికి ఎక్కడ అతుకుతుంది, తర్వాత ఏం వెతకాలి, అన్నీ ఉన్నాయి. కానీ అది నోట్‌బుక్‌లో ఉండిపోయింది, పేపర్ ఎక్కడో ఫోల్డర్లో ఉండిపోయింది. రెండూ ఒకచోట ఉంటే "785" అని వెతగ్గానే బయటపడేవి. సారాంశం రాయాలని టెన్షన్ పడకు, దానికి పేపర్ మొదట్లోనే అబ్‌స్ట్రాక్ట్ ఉంది. నీకు ఏమనిపించిందో రాయి, నమ్మబుద్ధి కాకపోతే ఎందుకు కాలేదో రాయి. వీలైతే తెలుగులో రాసుకో. పేపర్లోని ఇంగ్లిష్ వాక్యం నీకు తెలియకుండా నీ థీసిస్‌లోకి జారిపడే ప్రమాదం ఉండదు.

ఫోల్డర్ల మీద ఎక్కువ టైము పెట్టకు. జొటెరోలో ఒకే పేపర్‌ని కాపీ చేయకుండానే రెండు మూడు కలెక్షన్లలో ఉంచొచ్చు. చాప్టర్‌కి ఒకటి, పద్ధతులకు ఒకటి, "ఇంకా చదవలేదు" అని ఒకటి, ఇవి చాలు. పుస్తకానికి ర్యాకులో ఒక్క చోటే ఉంటుంది కాబట్టి వర్గీకరణతో మేము పడిన తిప్పలు నీకు లేవు. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు ఆ తిప్పలు తీర్చడానికే ఏళ్ల తరబడి ఆలోచించారు. తర్వాత బెంగళూరులో స్థిరపడి, 1962లో అక్కడే డీఆర్‌టీసీ అనే డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రం మొదలుపెట్టారు. ఆయన లైబ్రరీలకు చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుల సమయం ఆదా చేయమంటుంది. నీ లైబ్రరీకి పాఠకురాలు మూడేళ్ల తర్వాత థీసిస్ రాయడానికి కూర్చునే నువ్వే.

బ్యాకప్ గురించి రెండు మాటలు. జొటెరో వాళ్లు ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ, పీడీఎఫ్‌లతో అది త్వరగా నిండిపోతుంది. జొటెరో డేటా ఫోల్డర్‌ని డ్రాప్‌బాక్స్ లాంటి వాటిలో పెట్టి నడపకు, డేటాబేస్ పాడవుతుంది. నెలకోసారి ప్రోగ్రాం మూసేసి, ఆ ఫోల్డర్ మొత్తం నాన్న కొనిచ్చిన హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకో.

నీ మొదటి పేపర్ పంపించే ముందు నీ పేరు సంగతి తేల్చుకో. స్కూల్లో తమిళనాడు పద్ధతిలో నాన్న పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్‌గా వేశారు. పాస్‌పోర్టులో మన ఇంటిపేరు పూర్తిగా ఉంది. రెండు రకాలుగా అచ్చయితే, నీ పేపర్లను ఎంతమంది ఉదహరించారో చెప్పే సైటేషన్ లెక్కల్లో నువ్వు ఇద్దరు మనుషులవుతావు. భీమవరంలో పుట్టి, ఇక్కడి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్క్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆయన ఇంటిపేరు లిస్టుల్లో ఒక్క అక్షరంగా మిగిలింది. పేరునేమో ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో రాస్తారు. నీకు ఆ బెడద లేకుండా, పరిశోధకులను గుర్తుపట్టడానికి ఇచ్చే ఆర్కిడ్ (ORCID) ఉంది. 2012లో వచ్చింది, పదహారు అంకెల నంబరు, ఉచితం. ఈ వారమే తీసుకుని, ఏ స్పెల్లింగు వేయాలో సార్‌తో మాట్లాడి ఖాయం చేసుకో. ఇంటిపేరు పూర్తిగా ఉండాలని నా కోరిక, కానీ పేపర్ నీది, నీ ఇష్టం. ఏది ఖాయం చేశావో నాన్నకి ఫోన్ చేసి చెప్పు, ఆయన రోజూ అడుగుతున్నారు.

ప్రేమతో,
అమ్మ