పాతికకు ఒకటి చాలదు, దోస్త్

దోస్త్,

ఎట్లున్నావ్? చెల్లె, పిల్లలు బాగున్నారా? మీ డల్లాస్‌లో పాతిక కార్ల జాగా ఉంటే ఒకటి, వంద ఉంటే నాలుగు వికలాంగులకు వదలాలని, నడవలేనివాళ్లకు ఫిజియోథెరపీ చేసే చోటయితే నూటికి ఇరవై ఉండాలని రాశావు కదా, అప్పటి నుంచి నాకు అదే ఆలోచన. అక్కడికి ఎవరొస్తారో చూసి లెక్క కట్టారన్నమాట! మన నల్లగొండలో కావాల్సింది సరిగ్గా అదే.

ఇక్కడా రూలుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం గేటుకు కాదు, బిల్డింగు తలుపుకే 30 మీటర్ల లోపు, 3.6 మీటర్ల వెడల్పుతో వికలాంగులకు రెండు కార్ల జాగా ఉండాలి. కానీ మనవాళ్లలో కార్లెంతమందికి ఉన్నాయి? మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయినవాళ్ల గురించి నీకు చెప్పేదేముంది. మిషన్ భగీరథ మంచినీళ్లొచ్చాయి, మంచిదే, కానీ వంగిన ఎముకలు మళ్లీ సాగవు కదా. వాళ్లంతా సైడ్ చక్రాల స్కూటీల మీదే టౌన్‌కి వస్తారు.

మొన్న మా చిన్నాయనను ఎముకల డాక్టర్‌కు చూపించాం. ఆస్పత్రి ముందు చక్రాల కుర్చీ బొమ్మ బోర్డు ఉంది, దాని కింద జనరేటర్ పెట్టారు. చిన్నాయన స్కూటీని బైకుల వరుసలోనే ఆపాడు. బయటికొచ్చేసరికి రెండువైపులా బైకులు ఆనించి పెట్టారు. చంక కర్ర పెట్టే సందు లేదు, ఆ బండికి రివర్సూ లేదు. ఎవరో కుర్రాళ్లొచ్చి వెనక్కి గుంజేదాకా ఎండలో నిలబడ్డాడు. "ఇందుకేరా నేను రానన్నది" అన్నాడు. ఆ మాటకు నాకు కడుపు రగిలిపోయింది.

అందుకే నేనంటాను, కార్ల లెక్క ఒక్కటే సరిపోదు. బైకులు పెట్టే ప్రతి చోటా, ఇరవైకి ఒకటైనా స్కూటీకి వెడల్పాటి జాగా, పక్కన దిగడానికి ఖాళీ ఉండాలి. ఆస్పత్రులకు, ఫంక్షన్ హాళ్లకు ఇంకా ఎక్కువ. ప్రకాశం బజార్‌లో చిన్న కొట్టాయన ఎక్కడి నుంచి తెస్తాడంటావా, నిజమే, అక్కడ మున్సిపల్ వాళ్లే రోడ్డు పక్కన గీతలు కొట్టాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో జరిమానా కూడా ఉంది, మొదటిసారి పది వేల దాకా. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, వికలాంగులకు అన్ని చోట్లా వీలు కల్పించే విషయంలో సలహాలతో సరిపెట్టొద్దు, తప్పనిసరి నిబంధనలు చేయండని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ కేసులో రిపోర్టు మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లదే.

సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ ఇస్తున్నాం, చిన్నాయన కూడా వస్తానన్నాడు. మీ దగ్గర కారు పక్కన గీతలు కొట్టి వదిలే ఖాళీ ఉంటుంది చూడు, దాన్ని టేపు పెట్టి కొలిచి ఫోటో తీసి పంపు. ఆదివారం లోపు అందితే అర్జీకి జత చేస్తా.

నీ దోస్త్