అందరికీ కాదు, కుంటుతున్న పాపకు చెయ్యండి పరీక్ష

సంపాదకులకు,

ఏడాదిలోపు పిల్లలందరికీ మూత్రపరీక్ష చేస్తే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ ముందే దొరికిపోతుందని ఒక పాఠకుడు మీకు రాశారు. మా మనవరాలికి ఆ జబ్బని తెలిసిన రోజు నేనూ అదే అన్నాను. ఇప్పుడు అనను.

మాది గోపాలపట్నం. పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాను. పాప రెండున్నరేళ్లప్పుడు ఎడమకాలు ఈడ్చడం మొదలెట్టింది. ఎదుగుదల నొప్పులన్నారు, సిరప్ రాశారు, రెండుసార్లు. తర్వాత ఓ పొద్దున చూస్తే రెండు కళ్ల చుట్టూ ఎవరో గుద్దినట్టు కమిలి ఉంది. మంచం మీంచి పడేశావా అని కోడల్ని కసిరింది నేనే. మా ఆవిడ "దిష్టి తగిలీసింది" అని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. ఆరు వారాల్లో పొట్ట మీద చెయ్యేసి చూసినవాళ్లు లేరు. చివరికి ఒక డాక్టరమ్మ నా వేళ్లు పట్టుకుని పాప పక్కటెముకల కింద పెట్టించింది. పచ్చి జామకాయలా తగిలింది.

నరాలుగా మారాల్సిన కణాలు మారకుండా పెరిగిపోవడమే ఈ జబ్బట. మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథిలో మొదలై ఎముకలకూ కంటిగూటికీ పాకింది. కడుపుతో ఉన్నప్పుడు తిన్నవాటి వల్ల కాదని డాక్టర్లు చెప్పేదాకా, కోడలు ఆ తొమ్మిది నెలల తిండీ లెక్కపెట్టుకుంటూనే ఉంది.

ఆ మూత్రపరీక్ష మాకూ అయింది. ల్యాబ్‌వాళ్లు ఆమ్లం వేసిచ్చిన క్యాన్ పట్టుకుని ఇరవై నాలుగు గంటలు పాప వెనకే తిరిగాం. జపాన్ 1980ల్లోనే దీన్ని ఆరునెలల పిల్లలందరికీ పెట్టింది. కేసులు బోలెడు దొరికాయి, కానీ చాలావరకు వాటంతటవే కరిగిపోయే రకం. పసికందుల్లో ఈ గడ్డకు ఆ విచిత్రం ఉంది. అక్కర్లేని పిల్లలకు ఆపరేషన్లు, కీమోలు అయ్యాయి. ఈ పరీక్షతో మరణాలు తగ్గలేదని జర్మనీ, కెనడా అధ్యయనాలు 2002లో తేల్చాయి. 2004లో జపాన్ ఆపేసింది.

మా పాపది కరిగే రకం కాదు. గడ్డలో ఎంవైసీఎన్ అనే జన్యువు కాపీలు పెరిగిపోయి ఉన్నాయి, అలాంటివి దూకుడుగా ముదురుతాయి. కీమో, ఆపరేషన్, తన మూలకణాలే తీసి మళ్లీ ఎక్కించడం, రేడియేషన్, అన్నీ అయ్యాయి. 2015లో అమెరికా అనుమతించిన డైనుటుక్సిమాబ్ అనే యాంటీబాడీ గురించీ అడిగాను. ధర విన్నాక మళ్లీ అడగలేదు.

పరీక్షల మీద పెట్టే డబ్బు ఆశా, అంగన్‌వాడీ వాళ్లకు నేర్పించడానికి పెట్టండి. దెబ్బ తగలకుండా కుంటినా, కళ్లచుట్టూ కమిలినా, పొట్ట గట్టిగా ఉబ్బినా, అంతుపట్టని జ్వరం వదలకపోయినా పొట్ట నొక్కి చూసి స్కానింగ్‌కు పంపమనండి. పాప ఇప్పుడు వెళ్తున్న అంగన్‌వాడీలో బరువు చార్టు పక్కన ఇదంతా స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను. మిగతా కేంద్రాలకు కావాలన్నా రాసిస్తాను, నా అక్షరాలు గుండ్రంగానే ఉంటాయి.

- ఒక తాత, గోపాలపట్నం, విశాఖపట్నం