మన డీటీపీ సెంటర్ కస్టమర్లకు: ఎంటర్లు కొట్టి పేజీ దించే పద్ధతి మానేశాం

నమస్తే. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మన టైపింగ్, డీటీపీ సెంటర్‌కు ఏళ్లుగా వస్తున్న అందరికీ ఒక మాట చెప్పాలి. ఈ నెల నుంచి రేట్లు కొద్దిగా మారాయి, పని చేతికిచ్చే టైమ్ కూడా మారింది. ఎందుకు మారాయో ఉన్నదున్నట్టు చెప్తాను. తప్పు మా దగ్గరే జరిగింది కాబట్టి ముందు అదే చెప్తాను.

మే నెల చివర్లో మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక ఎంఏ అమ్మాయి డిసర్టేషన్ మేమే టైప్ చేశాం. మొత్తం 112 పేజీలు. ఫ్లోరైడ్ నీళ్లతో అక్కడి ఆడవాళ్ల పనిపాటలు ఎలా మారాయన్నది ఆమె రాసిన విషయం. మూడో అధ్యాయంలో వాళ్ల నాయనమ్మ ఫొటో కూడా పెట్టుకుంది, నడుము వంగి మంచం పట్టె పట్టుకుని నిలబడ్డ ఫొటో. మేము ప్రింట్ తీసి చూపించినప్పుడు అంతా బాగానే ఉంది. అమ్మాయి సంతోషంగా పెన్‌డ్రైవ్‌లో ఫైల్ వేసుకుని వెళ్లింది.

నాలుగు రోజుల తర్వాత గైడ్ చదివి, రెండో అధ్యాయంలో కొత్తగా ఇంకో రెండు పేరాలు చేర్చమన్నారట. హాస్టల్‌లో ఫ్రెండ్ లాప్‌టాప్ మీద ఆమె వాటిని చేర్చింది. రాత్రి ఎనిమిదింటికి మేము షటర్ దించే టైమ్‌కు పరుగెత్తుకుంటూ వచ్చింది. "అన్నా, నేను రెండు పేరాలే కలిపిన. పుస్తకమంతా జరిగిపోయింది. రేపు పదకొండింటికి ఇయ్యాలె" అంది. చేతులు వణుకుతున్నాయి.

ఫైల్ తెరిచి చూశాను. మూడో అధ్యాయం పేరు కొత్త పేజీ పైన ఉండాల్సింది, పేజీ సగంలో మొదలైంది. ఒక టేబుల్ తల ఒక పేజీలో, మొండెం ఇంకో పేజీలో ఉంది. నాయనమ్మ ఫొటో 34వ పేజీ అడుగున పడింది, దాని కింద ఉండాల్సిన వివరం 35వ పేజీ నెత్తిన ఒంటరిగా నిలబడింది. విషయసూచికలో వేసిన పేజీ నంబర్లు ఒక్కటీ కలవడం లేదు.

మేము టైప్ చేసే వర్డ్ సాఫ్ట్‌వేర్‌లో పైన హోమ్ ట్యాబ్‌లో తిరగేసిన 'పి' అక్షరం లాంటి గుర్తు ఒకటుంటుంది. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని 8 నొక్కినా అదే పని చేస్తుంది. ఆ గుర్తు నొక్కితే మామూలుగా కంటికి కనపడనివన్నీ కనిపిస్తాయి. ఎంటర్ కొట్టిన ప్రతిచోటా తిరగేసిన పి, స్పేస్ కొట్టిన ప్రతిచోటా ఒక చుక్క. నొక్కి చూస్తే మూడో అధ్యాయం ముందు 23 ఎంటర్లు వరుసగా ఉన్నాయి. హెడ్డింగ్ నడిమధ్యకు రావడానికి దాని ముందు చుక్కలు చీమల బారులా ఉన్నాయి. విషయసూచికలో పేరుకూ పేజీ నంబరుకూ మధ్య ఉన్న చుక్కలైతే ఫుల్‌స్టాప్ మీట మీద వేలు పెట్టి కొట్టినవే. ఇదంతా మా సెంటర్‌లో చేసిన పని. ఆ అమ్మాయి తప్పు ఇందులో గోరంత కూడా లేదు.

పేజీ నింపడానికి కొట్టిన ఎంటర్ ఒక్కోటీ ఒక ఖాళీ వరుస. పైన కొత్తగా రెండు పేరాలు చేరితే ఆ ఖాళీ వరుసలన్నీ కూడా కిందికి జరుగుతాయి, వాటితో పాటు హెడ్డింగూ జరుగుతుంది. అదే హెడ్డింగ్‌కు 'పేజ్ బ్రేక్ బిఫోర్' అని ఒక్క టిక్ పెట్టి ఉంటే, ముందు రెండు పేరాలు కాదు ఇరవై చేర్చినా ఆ అధ్యాయం కొత్త పేజీలోనే మొదలయ్యేది. ఫొటో పేరాకు 'కీప్ విత్ నెక్స్ట్' పెట్టి ఉంటే ఫొటో, దాని వివరం విడిపోయేవి కావు. ఈ సౌకర్యాలు వర్డ్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి. మేము వాడలేదు, అంతే.

ఆ రాత్రి రెండు దాకా కూర్చుని మొత్తం మళ్లీ సెట్ చేశాం. పొద్దున తొమ్మిదింటికి బైండింగ్ చేసి ఇచ్చి, మొదట తీసుకున్న డబ్బులు కూడా తిరిగి ఇచ్చేశాను. ఆమె టైమ్‌కు సబ్మిట్ చేసింది. కానీ ఆ ఒక్క రాత్రి ఆ పిల్ల పడ్డ టెన్షన్‌ను నేను వెనక్కి తీసుకోలేను.

ఇలా ఎందుకు జరిగిందని చాలా ఆలోచించాను. నేను టైపింగ్ నేర్చుకున్నది పాత టైప్ మిషన్ మీద. ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ టైపింగ్ పరీక్షలు రెండూ పాసయ్యాను. హయ్యర్‌కు నిమిషానికి 45 మాటల స్పీడ్ ఉండాలి. మిషన్ మీద పేరా మొదలుపెట్టాలంటే ఐదు స్పేస్‌లు కొట్టాలి. హెడ్డింగ్ మధ్యకు రావాలంటే కాగితాన్ని అటూ ఇటూ జరిపే బండిని నడిమికి తెచ్చి, రెండక్షరాలకు ఒకటి చొప్పున వెనక్కి కొట్టాలి. అక్కడ అదే సరైన పద్ధతి, ఎందుకంటే మిషన్ మీద పడ్డ అక్షరం పడ్డచోటే ఉంటుంది. కంప్యూటర్‌లో అక్షరం అలా నిలబడదు. ముందు ఏదైనా కలిపితే వెనకదంతా కదులుతుంది. నేను మిషన్ అలవాటునే కంప్యూటర్ మీదికి తెచ్చాను, మన దగ్గర పనిచేసే ఇద్దరికీ అదే నేర్పాను. వాళ్లు నేను చెప్పినట్టే చేశారు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. పెద్ద ఫైల్ ఏదొచ్చినా ముందు స్టైల్స్ కట్టుకుంటాం, అంటే ఏ రకం వరుస ఎలా కనపడాలో ఒకేచోట పెట్టుకునే సెట్టింగులు. అధ్యాయం పేరుకు హెడ్డింగ్ 1, లోపలి శీర్షికకు హెడ్డింగ్ 2, మామూలు పేరాకు ఒకటి. పేరా మొదట్లో జాగా కావాలంటే ఫస్ట్ లైన్ ఇండెంట్, పేరాల మధ్య ఎడం కావాలంటే స్పేస్ ఆఫ్టర్. ఖాళీ ఎంటర్ ఎక్కడా ఉండదు. గైడ్ "హెడ్డింగులన్నీ 16 సైజు చెయ్" అంటే ఒక్కచోట మారిస్తే పుస్తకమంతా మారుతుంది. విషయసూచిక కూడా ఆ హెడ్డింగుల నుంచే తనంతట తాను తయారవుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఫైల్‌లో ఏదైనా మార్చాక విషయసూచిక మీద క్లిక్ చేసి ఎఫ్9 నొక్కాలి. నొక్కకపోతే పాత నంబర్లే ఉండిపోతాయి.

ముందు పేజీలకు రోమన్ అంకెలు, అధ్యాయం మొదలైన చోటి నుంచి 1, 2, 3 రావాలంటే మధ్యలో ఫైల్‌ను రెండు భాగాలు చేసే సెక్షన్ బ్రేక్ వేసి, రెండో సెక్షన్ ఫుటర్‌లో (పేజీ అడుగు భాగంలో) 'లింక్ టు ప్రీవియస్' తీసేసి, నంబరు 1 నుంచి మొదలయ్యేలా పెట్టాలి. ఇంతకు ముందు మేము దీన్ని రెండు వేర్వేరు ఫైళ్లు చేసి గడుపుకునేవాళ్లం.

చాలామంది అడిగే ఇంకో ప్రశ్న, "మా ఇంట్లో టైప్ చేస్తే పేరాల మధ్య అంత గ్యాప్ ఎందుకొస్తుంది?" అని. 2003 వర్డ్‌లో కొత్త ఫైల్ తెరిస్తే టైమ్స్ న్యూ రోమన్ 12, సింగిల్ స్పేసింగ్ ఉండేది. 2007 వర్డ్‌లో కాలిబ్రి 11, వరుసల ఎడం 1.15, ప్రతి పేరా తర్వాత 10 పాయింట్ల జాగా తనంతట తానే రావడం మొదలైంది. తర్వాతి వెర్షన్లలో ఆ ఫాంట్, అంకెలు మళ్లీ మారాయి, కానీ పేరా తర్వాత జాగా మాత్రం వస్తూనే ఉంది. పాత అలవాటు ప్రకారం రెండుసార్లు ఎంటర్ కొడితే గ్యాప్ మీద గ్యాప్ పడుతుంది. ఒక్కసారి కొట్టి వదిలేయండి, చాలు.

తెలుగు పని సంగతి వేరే చెప్పాలి. పేజ్‌మేకర్, అను ఫాంట్ల కాలంలో పుస్తకం పని చేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయే వరుస ఎడం తెలుగుకు సరిపోదు. పైన గుడి, దీర్ఘం ఉంటాయి, కింద ఒత్తులు ఉంటాయి. 'లక్ష్మి' రాస్తే క కింద రెండు ఒత్తులు పడాలి. ఈ మధ్య ఒక రిటైర్డ్ సారు కవితల పుస్తకం ప్రూఫ్ తీసినప్పుడు, పేజీలు తగ్గుతాయని మా అబ్బాయి వరుసల ఎడం 'ఎగ్జాక్ట్‌లీ' (అక్షరం ఎంత ఎత్తున్నా ఎడం పెరగని సెట్టింగ్) అని పెట్టి 14 పాయింట్లు చేశాడు. అక్షరాల సైజు కూడా 14. ప్రింట్ తీస్తే పైన గుడి దీర్ఘాలు తెగిపోయాయి, కింది ఒత్తులు తర్వాతి వరుస తలకట్లకు తగిలాయి. సారు ఆ కాగితం కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని "'స్త్రీ'లో రావత్తు ఏది నాయనా?" అని అడిగారు. ఆయనకు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తెలుగు ఫైల్ దేనికీ ఎగ్జాక్ట్‌లీ పెట్టడం లేదు. అక్షరం ఎత్తును బట్టి ఎడం పెరిగే 'మల్టిపుల్' పెట్టి, ఫాంట్‌ను బట్టి ఎడం చూసుకుంటున్నాం. గౌతమికి ఒక రకం, మండలికి ఒక రకం, నిర్మలకు ఒక రకం కావాలి. పేజీలు నాలుగు ఎక్కువైనా అక్షరం నిండుగా పడాలన్నది నా పట్టుదల.

తెలుగులో జస్టిఫై కూడా ఆలోచించి వాడాలి. మన మాటలు పొడుగు. సన్నటి కాలమ్‌లో రెండు వైపులా సమానం చేయమంటే మాటల మధ్య గుంతలు పడతాయి. అలాంటిచోట ఎడమ అంచు ఒక్కటే సమానంగా పెట్టడం చదవడానికి హాయి. జస్టిఫై చేసిన పేరాలో షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే ఆ వరుసలో ఉన్న రెండు మాటలూ ఈ చివరకొకటి ఆ చివరకొకటి పోతాయి. దరఖాస్తుల్లో "విషయం:" అన్న వరుస అలా సాగిపోవడం చూసే ఉంటారు. కారణం అదే.

అగ్రిమెంట్లు, అఫిడవిట్లు చేయించుకునేవాళ్లకు: స్టాంప్ పేపర్ మీద పై భాగంలో ముద్ర ఉంటుంది కదా, దాని కింద నుంచి మ్యాటర్ మొదలవ్వాలి. ఇక్కడా ఎంటర్లు కొట్టే దించేవాళ్లం. ఒకసారి ఫాంట్ సైజు తగ్గిస్తే ఖాళీ వరుసలు కూడా తగ్గి, మ్యాటర్ పోయి ముద్ర మీద పడింది, 100 రూపాయల పేపర్ పాడైంది. ఇప్పుడు మొదటి పేరాకు స్పేస్ బిఫోర్ ఇస్తున్నాం. 72 పాయింట్లు ఒక అంగుళం. ముద్ర ఐదు అంగుళాలుంటే 360. ఇక అక్షరం సైజు ఎంత మార్చినా మ్యాటర్ పైకి జరగదు. అసలు స్టాంప్ మీద తీసేముందు తెల్ల కాగితం మీద తీసి, రెండూ కలిపి వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నాం.

కోర్టు పనులన్నిటికీ లీగల్ కాగితమే అని ఇంకా కొందరు అనుకుంటున్నారు. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ నుంచి ఏ4కు మారింది. రెండు వైపులా ప్రింట్, 14 సైజు, 1.5 ఎడం, కుడి ఎడమలకు 4 సెంటీమీటర్ల చొప్పున మార్జిన్. మీ కేసు ఏ కోర్టులో ఉందో దానికి ఏ సైజు కావాలో వకీలు సార్‌ను అడిగి వచ్చాకే మాకు చెప్పండి. పేజీ సెట్ అయ్యాక సైజు మారిస్తే పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

రేట్ల విషయానికొస్తే, ఇంగ్లిష్ టైపింగ్ పేజీకి 20 ఉండేది, ఇప్పుడు 25. తెలుగు 30 ఉండేది, ఇప్పుడు 35. డిసర్టేషన్, పుస్తకం లాంటి పెద్ద పనికి సెట్టింగ్ చార్జీ వేరుగా 300. పని ఒక రోజు ఎక్కువ పడుతుంది. ఐదు, పది పేజీల పనులు మాత్రం ఎప్పటిలాగే అదే రోజు ఇస్తాం. దరఖాస్తు, బయోడేటా రేట్లు మారలేదు. కొందరికి ఇది భారమే, నాకు తెలుసు. స్టూడెంట్స్ ఇబ్బంది ఉంటే నేరుగా నాతో మాట్లాడండి, చూసుకుందాం.

ఇకనుంచి ప్రతి పనికీ వర్డ్ ఫైల్, పీడీఎఫ్ రెండూ ఇస్తాం. తెలుగు ఫైల్ అయితే అందులోనే ఫాంట్ కూడా చేర్చి సేవ్ చేస్తాం, ఇంకో కంప్యూటర్‌లో తెరిచినా అక్షరాలు మారకుండా. ఎక్కడైనా ప్రింట్ తీయించుకోవాలంటే మాత్రం పీడీఎఫే ఇవ్వండి.

మీ నుంచి నాకు కావాల్సింది, పని ఇచ్చేటప్పుడే కాలేజీ వాళ్లిచ్చిన ఫార్మాట్ కాగితం. నోటిమాటగా "అందరిదీ ఎట్లుంటే అట్లనే" అంటే మళ్లీ అదే గొడవ. బైండింగ్ ఎటు వస్తుందో, ఒకవైపు ప్రింటా రెండువైపులా ప్రింటా ముందే చెప్పండి. ఒకవైపైతే ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం వదిలేస్తే సరిపోతుంది. రెండువైపులా అయితే 'మిర్రర్ మార్జిన్స్' పెట్టాలి, లేకపోతే వెనక పేజీలో అక్షరాలు కుట్టులోకి పోతాయి.

గత రెండేళ్లలో మా దగ్గర టైప్ చేయించుకున్న పెద్ద ఫైళ్లు ఎవరి దగ్గరైనా ఉండి, వాటిలో ఇంకా మార్పులు చేయాల్సి ఉంటే, పెన్‌డ్రైవ్‌లో తెండి. వాట్సాప్‌లోనైతే ఫొటోలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. దసరా దాకా ఉచితంగా సరిచేసి ఇస్తాం, ఎన్ని పేజీలున్నా సరే. మీరు ఎంటర్లు కొట్టారా మేము కొట్టామా అని అడగం. ఈ పని పొద్దున పది నుంచి పన్నెండు లోపే చేస్తున్నాం, ఆ తర్వాత రద్దీ ఉంటుంది. ఆదివారం సెలవు. దేవరకొండ, మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్లు బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేయండి, మీ ఫైల్‌కు ఎంతసేపు పడుతుందో చెప్తాను.