కంప్యూటర్‌లో కట్టిన బాణీ కాగితం మీదికి రావాలంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ టర్మ్‌లో ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు సంగీతం తీసుకున్న పిల్లలు తలా ఒక చిన్న బాణీ కట్టి, స్టాఫ్ నొటేషన్‌లో (అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) రాసి, ప్రింటు తీసి తేవాలి. ఎనిమిది నుంచి పదహారు బార్లు (రెండు నిలువు గీతల మధ్య భాగం ఒక బారు) చాలు. ఆ కాగితాన్ని క్లాసులో మరో విద్యార్థి ముందు పెడతాం. రాసిన పిల్లలు పక్కన నిలబడి ఏమీ చెప్పకూడదు. కాగితం చూసి ఎదుటివారు ఎంతవరకు వాయించగలిగారన్నదానికే మార్కులు. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. ప్లే బటన్ నొక్కితే కంప్యూటర్ దేన్నయినా వాయించేస్తుంది. పదేళ్ల చేతికి అందని కార్డ్‌లైనా (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు), ఊపిరి తీసుకునే చోటే లేని వేణువు వరసైనా దానికి లెక్కలేదు. స్పీకర్‌లో బాగా వినిపించింది కదా అని పంపేసిన కాగితాలు క్లాసులో రెండో బారుకే ఆగిపోతాయి.

బడి ల్యాబ్‌లో వాడేది మ్యూజ్‌స్కోర్ స్టూడియో అనే, స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇలాంటివే అయిన సిబేలియస్, డోరికోల పూర్తి వెర్షన్లు కొనాల్సిన అవసరం ఈ పనికి లేదు. దించుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ ఉండేది మ్యూజ్‌స్కోర్ డాట్ ఆర్గ్‌లో. డాట్ కామ్ అన్నది స్వరపత్రాలు పంచుకునే వేరే సైటు, దానికి చందా ఉంటుంది. అక్కడ ఉచిత ట్రయల్ అంటూ కార్డు నంబరు అడిగితే, మీరు దారి తప్పి వచ్చారని అర్థం. డాట్ ఆర్గ్ పేజీలో పెద్ద బటన్ మ్యూజ్‌హబ్ అనే మరో ప్రోగ్రాంను కూడా ఇస్తుంది. దాని ద్వారా వచ్చే అదనపు వాయిద్యాల ధ్వనులు గిగాబైట్లలో ఉంటాయి. మొబైల్ డేటా మీద నడిచే ఇళ్లలో అవి వద్దు. ప్రోగ్రాం ఒక్కదాన్నే దించుకునే లింకు అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటుంది. దానితోపాటు వచ్చే మామూలు ధ్వనులు మన పనికి సరిపోతాయి.

నాలుగో వెర్షన్‌కు 64 బిట్ విండోస్ కావాలి. పాత ల్యాప్‌టాప్ అయితే 3.6.2 వెర్షన్ వేసుకోండి, పని జరుగుతుంది. కాకపోతే 4లో సేవ్ చేసిన ఫైలు 3లో తెరుచుకోదు. ల్యాబ్‌లో మొదలుపెట్టి ఇంట్లో పాత వెర్షన్‌లో పూర్తి చేయాలనుకునేవారు మ్యూజిక్ ఎక్స్ఎంఎల్‌గా (రెండు వెర్షన్లూ చదవగల ఫైలు రకం) ఎక్స్‌పోర్ట్ చేసి తీసుకెళ్లాలి. ఫోన్‌లో ఉండే మ్యూజ్‌స్కోర్ యాప్ చూడటానికీ వినడానికీ మాత్రమే, రాయడానికి కాదు.

మొదటిసారి తెరిచినప్పుడు ప్రిఫరెన్సెస్‌లో భాషను ఇంగ్లిష్ యూకేగా మార్చమని పిల్లలకు చెప్పండి. గ్రేడ్ పరీక్షల పుస్తకాల్లో వాళ్లు చదివే క్రాచెట్ (ఒక లెక్క), క్వేవర్ (అర లెక్క), మినిమ్ (రెండు లెక్కలు) పేర్లే తెర మీదా కనిపిస్తాయి. సేవ్ నొక్కగానే క్లౌడ్‌లోనా, కంప్యూటర్‌లోనా అని అడుగుతుంది. కంప్యూటర్ అనే ఎంచుకోవాలి.

సొంత బాణీకి ముందు ప్రతి ఒక్కరూ మొదటి సరళీ వరస రాసి చూడాలి. పాడటం వచ్చినదే కాబట్టి తప్పు పడితే చెవికి వెంటనే తెలుస్తుంది. న్యూ స్కోర్‌లో పియానో గానీ వయొలిన్ గానీ ఎంచుకుని, టైమ్ సిగ్నేచర్ 4/4 (బారుకు నాలుగు లెక్కలు) ఉంచండి. ఆదితాళం ఒక ఆవర్తనం, అంటే ఎనిమిది లెక్కలు, రెండు బార్లు. ఎన్ నొక్కితే రాసే స్థితిలోకి వెళ్తుంది, మళ్లీ నొక్కితే బయటికి వస్తుంది. అంకెలు స్వరం నిడివిని చెబుతాయి: 5 క్రాచెట్, 4 క్వేవర్, 3 సెమీక్వేవర్ (పావు లెక్క), 6 మినిమ్. ముందు అంకె నొక్కాలి, ఆ తర్వాత స్వరం ఇంగ్లిష్ అక్షరం (సీ, డీ లాంటివి). సున్నా నొక్కితే విరామం. అర అక్షరం విడిచి ఎత్తుకునే కీర్తన అయితే 4 నొక్కి 0 నొక్కితే చాలు.

సను సీ మీద పెట్టుకుంటే, సరళీ వరసలు పాడే మాయామాళవగౌళ రాగంలో రి డీ ఫ్లాట్ (డీ కన్నా అర మెట్టు కిందిది), ద ఏ ఫ్లాట్. ఈ రెండే ఫ్లాట్లున్న కీ సిగ్నేచర్ (వరుస మొదట్లో పెట్టే ఫ్లాట్, షార్ప్ గుర్తులు) మామూలు జాబితాలో ఉండదు. కీ సిగ్నేచర్ ఖాళీగా వదిలి, డీ నొక్కిన వెంటనే కింది బాణం ఒకసారి నొక్కండి, డీ ఫ్లాట్ అవుతుంది. మొదటి కాలంలో (లెక్కకు ఒక స్వరం; తర్వాతి కాలాల్లో వేగం రెట్టింపు అవుతూ పోతుంది) పదహారు స్వరాలకు నాలుగు బార్లు, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో ఒకటి పడాలి. పడకపోతే ఎక్కడో అంకె మారింది. మూడో కాలంలో ఇంకో చిక్కు వస్తుంది. ఒకే బారులో రి రెండుసార్లు వస్తుంది. ఫ్లాట్ గుర్తు ఆ బారు చివరిదాకా అమల్లో ఉంటుంది కాబట్టి రెండోసారి డీ నొక్కగానే సాఫ్ట్‌వేర్ దాన్ని డీ ఫ్లాట్‌గానే తీసుకుంటుంది. అలవాటుగా మళ్లీ కింది బాణం నొక్కితే రి కాస్తా స అయిపోతుంది. "అవరోహణలో ఏదో తేడాగా వినిపిస్తోంది" అని పిల్లలు అంటే ముందు అక్కడ చూడండి.

ఇంట్లో క్యాసియో, యమహా కీబోర్డు ఉన్నవారు దాన్నే కంప్యూటర్‌కు కలుపుకోవచ్చు. చాలా మోడళ్లలో వెనక యూఎస్‌బీ టు హోస్ట్ అని రాసిన చదరపు సాకెట్ ఉంటుంది, ప్రింటర్ కేబులే దానికి సరిపోతుంది. టు డివైస్ అన్నది పెన్‌డ్రైవ్ కోసం. చిన్న సాకెట్ ఉన్న మోడళ్లకు పాత ఫోన్ ఛార్జర్ తీగ పెడితే ఒక్కోసారి ఏమీ జరగదు, ఎందుకంటే కొన్ని ఛార్జింగ్ తీగల్లో డేటా వెళ్లదు. కీబోర్డు ఆన్ చేసి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ తెరిచి, ప్రిఫరెన్సెస్‌లో మిడి (నొక్కిన మెట్లను కంప్యూటర్‌కు తెలిపే పద్ధతి) ఇన్‌పుట్ దగ్గర దాని పేరు ఎంచుకోవాలి. ఇక అంకె కంప్యూటర్ మీద, స్వరం కీబోర్డు మీద. ఇలా రాసినప్పుడు సీ, డీల మధ్య నల్ల మెట్టును (అదే మన రి) సాఫ్ట్‌వేర్ సీ షార్ప్‌గా రాస్తుంది, అంటే రి వెళ్లి స గీత మీద కూర్చుంటుంది. వినడానికి తేడా లేదు, చదివేవారికి మాత్రం రాగమే కనిపించదు. ఆ స్వరం మీద క్లిక్ చేసి జే నొక్కితే డీ ఫ్లాట్‌గా మారుతుంది.

గబగబా వాయించి మిడి ఫైలుగా రికార్డు చేసి సాఫ్ట్‌వేర్‌లో తెరవడం మాత్రం వద్దనే చెబుతున్నాం. మనిషి వేళ్లు లయకు అణువంత ముందో వెనకో పడతాయి. సాఫ్ట్‌వేర్ ఆ తేడాను కూడా రాసేయడంతో పేజీ నిండా చుక్కలు, టైలు (స్వరాలను కలిపే వంపు గీతలు), ముక్కలు ముక్కలైన విరామాలు. దాన్ని సరిచేయడం కన్నా కొత్తగా రాసుకోవడం తేలిక.

పిల్లలు ఎక్కువగా తికమకపడే విషయం ఒకటుంది. మధ్యలో ఒక స్వరం మర్చిపోయి, అక్కడికి వెళ్లి కొత్తది కొడితే పక్కకు జరగదు, ఉన్నదాని మీదే పడుతుంది. డిలీట్ చేస్తే ఆ చోట విరామం మిగులుతుంది. వర్డ్‌లో టైపు చేసినట్టు ఇక్కడ కుదరదు, బారులో లెక్క ఎప్పుడూ నిండుగా ఉండాలి. కాబట్టి మిగతా భాగాన్ని ఎంచుకుని కంట్రోల్ ఎక్స్‌తో తీసి, కావలసినంత దూరంలో కంట్రోల్ వీతో అతికించి, ఖాళీ అయిన చోట మర్చిపోయిన స్వరం రాయాలి. స్వరాలపై క్లిక్ చేస్తే నీలం బదులు ఆకుపచ్చగా కనిపిస్తే వాయిస్ 2 బటన్ (అవే గీతల మీద రెండో వరస రాయడానికి) పొరపాటున నొక్కి ఉంటారు. అనవసరపు విరామాలు గుంపుగా పుట్టుకొచ్చేది అందుకే. అన్‌డూ చేసి వాయిస్ 1కి రండి.

సాహిత్యం తెలుగులో రాసేవారికి: మొదటి స్వరాన్ని ఎంచుకుని కంట్రోల్ ఎల్ నొక్కితే కింద రాసే చోటు వస్తుంది. స్పేస్ నొక్కితే తర్వాతి స్వరానికి, హైఫన్ నొక్కితే అదే మాటలోని తర్వాతి అక్షరానికి వెళ్తుంది. ఒక అక్షరాన్ని చాలా స్వరాల మీద సాగదీయాలంటే అండర్‌స్కోర్. 'అమ్మ'ను అ-మ్మ అని విడగొట్టండి, 'పండుగ'ను పం-డు-గ అని. సున్నాను గానీ వత్తును గానీ తర్వాతి స్వరం కింద విడిగా పెడితే దాని పక్కన చుక్కల వలయం వస్తుంది. తెర మీద ఒక్కో అక్షరం టైపు చేయడం కష్టమైతే, నోట్‌ప్యాడ్‌లో హైఫన్లతో సహా మొత్తం రాసుకుని కాపీ చేయండి. మొదటి స్వరం దగ్గర కంట్రోల్ వీ నొక్కుతూ పోతే ఒక్కో నొక్కుకు ఒక్కో అక్షరం కూర్చుంటుంది. అను ఫాంట్లలో టైపు చేసినవి పనికిరావు, యూనికోడ్‌లో ఉండాలి.

దీనికి సంబంధించి మాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు "ఏ, బీ, సీలు నొక్కితే స్వరాలు పడటం లేదు" అని. కంప్యూటర్ కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉండిపోయింది, అంతే. విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కు మార్చండి. ఇక ఫాంటు: ఫార్మాట్ మెనూలో స్టైల్, అందులో టెక్స్ట్ స్టైల్స్ తెరిచి, లిరిక్స్ ఆడ్ లైన్స్, లిరిక్స్ ఈవెన్ లైన్స్ రెండింటికీ నిర్మలా యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టండి. ఒక్కదానికే మారిస్తే పల్లవి ఒక అచ్చులో, రెండో చరణం ఇంకో అచ్చులో వస్తాయి. సైజు 11 లేదా 12. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి స్టైల్‌లోని లిరిక్స్ పేజీలో వరుసల మధ్య దూరం కూడా కొంచెం పెంచాలి, లేకపోతే పై చరణం వత్తులు కింది చరణం తలకట్లకు తగులుతాయి.

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. గమకాలను ఈ సాఫ్ట్‌వేర్ మనం పాడినట్టు వాయించదు. కీర్తన రాస్తే అస్థిపంజరమే కాగితం మీద ఉంటుంది, మిగతాది గురువుగారి దగ్గరే. శ్రుతి మార్చడానికి మాత్రం ఇది చాలా ఉపయోగం. ఒకటో శ్రుతిలో రాసిన పాటను ఐదో శ్రుతిలో పాడే అమ్మాయికి ఇవ్వాలంటే మొత్తం ఎంచుకుని, టూల్స్‌లో ట్రాన్స్‌పోజ్ తెరిచి, పర్ఫెక్ట్ ఫిఫ్త్ (స నుంచి పకు ఉన్న దూరం) పైకి అని చెబితే క్షణంలో మారిపోతుంది. మిశ్ర చాపు తాళానికి 7/8 (బారుకు ఏడు క్వేవర్లు) పెట్టినవారు క్వేవర్ల కట్టలు 3+2+2గా పడ్డాయో లేదో చూసుకోవాలి. పడకపోతే టైమ్ సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో మార్చుకోవచ్చు.

బ్యాండు పిల్లలు ట్రంపెట్‌కు రాస్తే, ప్రింటుకు ముందు కన్సర్ట్ పిచ్ బటన్ (వాయిద్యం నిజంగా పలికే స్వరాలనే చూపేది) ఆఫ్‌లో ఉందో లేదో చూడాలి. ఆన్‌లో ఉండగా తీసిన కాగితం చూసి వాయిస్తే ట్రంపెట్ మిగతావారి కన్నా ఒక టోన్ కింద పలుకుతుంది. వాయిద్యం పరిధి దాటిన స్వరాలు తెర మీద ఎర్రగా గానీ ముదురు పసుపులో గానీ కనిపిస్తాయి. ఆ రంగు ప్రింటులో రాదు కాబట్టి తెర మీదే సరిచేసుకోవాలి. వయొలిన్ మిడిల్ సీ కింద ఉన్న జీ కన్నా కిందికి దిగదు.

ప్రింటు విషయానికొస్తే, ఫార్మాట్‌లో పేజ్ సెట్టింగ్స్ తెరిచి ఏ4 అని ఉందో లేదో చూడండి, కొన్ని కంప్యూటర్లలో లెటర్ అని ఉంటుంది. స్టాఫ్ స్పేస్ (పక్కపక్క గీతల మధ్య దూరం) 1.75 మిల్లీమీటర్లు ఉంటే అయిదు గీతల ఎత్తు 7 మిల్లీమీటర్లు అవుతుంది. చిన్న తరగతులవారికి 2 పెడితే 8 వస్తుంది, స్టాండ్ మీద హాయిగా కనిపిస్తుంది. వరుసకు నాలుగు బార్లు ఉండేలా సిస్టమ్ బ్రేక్‌లు పెట్టండి. బారును ఎంచుకుని ఎంటర్ నొక్కితే అక్కడ వరుస తెగుతుంది. జిరాక్స్ షాపుకు ఎమ్మెస్‌సీజెడ్ ఫైలు (మ్యూజ్‌స్కోర్ సేవ్ చేసేది) తీసుకెళ్తే అక్కడ తెరుచుకోదు, పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపేవారు స్క్రీన్‌షాట్ వద్దు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా వెళ్తే సన్నని గీతలు చెదిరిపోతాయి. ప్రింట్ చేసేవారికి యాక్చువల్ సైజ్ అని గుర్తుచేయండి. ఫిట్ టు పేజ్ ఉంటే ప్రింటర్ దానంతటదే కుదిస్తుంది. వచ్చిన కాగితం మీద స్కేలు పెట్టి కొలిస్తే అయిదు గీతలు 7 మిల్లీమీటర్లకు తక్కువ ఉంటే అదే జరిగిందని అర్థం. రెండు పేజీలైతే వెనకాముందు కాకుండా విడి కాగితాల మీద తీసి పక్కపక్కన పెట్టుకోవాలి, వాయిస్తూ పేజీ తిప్పడం కుదరదు.

పోటీలకూ ఆన్‌లైన్‌కూ పంపేవారు గమనించాలి: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం స్వరకర్త మరణించిన తర్వాతి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి కీర్తనలకు ఇబ్బంది లేదు. సినిమా పాటలను ఇంట్లో సాధన కోసం రాసుకోండి, ఎక్కడా అప్‌లోడ్ చేయకండి.

ప్రింటుతో పాటు ఎమ్మెస్‌సీజెడ్ ఫైలు, పీడీఎఫ్ రెండూ సంగీతం టీచర్‌కు అందాలి. ఫైలు పేరులో తరగతి, రోల్ నంబరు ఉండాలి. అన్‌టైటిల్డ్ పేరుతో వచ్చినవి ఎవరివో తేల్చలేం. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు చేత్తో రాసిన కాగితం ఇచ్చినా అదే పద్ధతిలో మార్కులు వేస్తాం. గీతలు గీసిన మ్యూజిక్ షీట్లు ఆఫీసులో అడిగి తీసుకోవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు